ఆపరేషన్ కంటే ముందే కాఫీ సంగతి చూసుకో నాయనా

నాయనా,

వేలూరులో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే బైపాస్ అట, గుండెది కాదు, వచ్చే నెలాఖరుకట. షుగరు ఉన్నవాడివి, మంచి నిర్ణయమే తీసుకున్నావు. డబ్బు, సెలవు, ఆస్పత్రిలో తోడు ఎవరుండాలి అన్నవన్నీ ఇంట్లో మాట్లాడుకునే ఉంటారు. ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది, నీ కాఫీ. చిత్తూరులో మీ ఇంటికి వచ్చినప్పుడల్లా చూస్తుంటాను. లేవగానే ఒకటి, టిఫినయ్యాక ఒకటి, షాపులో రెండు, సాయంత్రం ఇంటికి రాగానే ఇంకొకటి. నాకు స్లీవ్ ఆపరేషన్, అంటే బరువు తగ్గడానికే పొట్టలో చాలా భాగం కోసి తీసేసేది, అయి చాలా ఏళ్ళయింది. కాఫీ మానడం ఎలా ఉంటుందో తెలిసినదాన్ని కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

తగ్గించడం ఈ వారమే మొదలుపెట్టు. ముందు రోజు మానేస్తాలే అనుకోవద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 150 మి.లీ. డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజు మొత్తానికి 300 దాటకూడదంటారు. నీ ఐదు గ్లాసులకు లెక్క వేసుకో. మీ ఇంట్లో వాడే పొడిలో చికోరీ ఉంది కనుక కొంత తగ్గొచ్చు, అయినా తక్కువేమీ కాదు. అంత అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. మొదటి రెండు రోజులు గట్టిగా ఉంటుంది, కొందరికి తొమ్మిది రోజుల దాకా సాగుతుంది. చికాకు, నిద్రమత్తు, ఒక్కోసారి కడుపులో తిప్పినట్టు కూడా ఉంటుంది. ఇదంతా ఆపరేషన్ అయిన మర్నాడు వచ్చిందనుకో. తల పగిలిపోతోందని నువ్వంటావు. అది మత్తుమందు వల్లనో, నీళ్ళు చాలకనో, కాఫీ లేకనో నర్సమ్మ ఎలా చెప్పగలదు? వాంతి వచ్చేలా ఉందంటే లోపల కుట్లకు ఏమైందోనని అందరికీ టెన్షన్.

ఇంకొకటి కూడా ఉంది. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి మామూలుగా ఒక పథ్యం పెడతారు. కొవ్వు పట్టిన లివరు పొట్ట మీదికి వచ్చి అడ్డంగా ఉంటుంది. అది కాస్త తగ్గితేనే డాక్టరుకు లోపల చోటు దొరుకుతుంది. అందుకని అన్నం, ఇడ్లీ, సంకటి బాగా కోసేసి ప్రోటీన్ మీద నడిపిస్తారు. ఆ మొదటి రోజుల్లో ఆకలికే నీరసంగా ఉంటుంది. కాఫీ తలనొప్పి కూడా అప్పుడే వస్తే రెండిట్లో ఏదీ నిలబడదు. కాబట్టి పథ్యం మొదలయ్యేలోపు కాఫీ పని అయిపోవాలి. షుగరు మందులు వేసుకుంటున్నావు కనుక ఆ పథ్యానికి తగ్గట్టు డోసు ఎంత మార్చాలో ముందే అడుగు. తల తిరిగినా, చెమట పట్టినా కాఫీ మానడం వల్లే అనుకుని పడుకోకు, వెంటనే షుగరు చూసుకో.

తగ్గించే పద్ధతి చెబుతాను. మూడు రోజులకో గ్లాసు చొప్పున తీసేయ్. సాయంత్రంది ముందు, తర్వాత షాపులోవి, ఆ తర్వాత టిఫినయ్యాక తాగేది. అన్నిటికంటే కష్టం పొద్దుటిది, దాన్ని ఒకేసారి తీయకు. నేను ఫిల్టరు పైగిన్నెలో మూడు చెంచాల పొడి వేసేదాన్ని. దాన్ని రెండు చేశాను, రెండు మూడు రోజులకు ఒకటిన్నర, తర్వాత ఒకటి. నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే. డికాషన్ పలచబడి పలచబడి, పాలలో పోస్తే రంగు కూడా సరిగా తేలని రోజు వచ్చింది. ఆ రోజుకు మానడం పెద్ద బెంగగా అనిపించలేదు. పెద్ద స్టీలు గ్లాసు పైఅరలో పెట్టేసి చిన్నది తీసుకోవడం కూడా పనిచేసింది. ఆ వేళకు చేతిలో వేడిగా ఏదో ఒకటి ఉండాలి, అది మరచిపోకు. ధనియాలు మరిగించి వడకట్టిన నీళ్ళో, సోంపు నీళ్ళో తాగు. బరువు తగ్గుతారని అందరూ చెప్పే గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంది. మామూలు టీకి మారినా కప్పుకు 30 నుంచి 65 మిల్లీగ్రాములు. థమ్సప్, కోక్‌లలో కూడా ఉంది, పైగా ఆపరేషన్ తర్వాత గ్యాస్ ఉన్న డ్రింకులు అసలే పనికిరావు.

తలనొప్పి వస్తే మందుల షాపుకు వెళ్ళి ఏదో ఒక మాత్ర అడగొద్దు. కొన్ని తలనొప్పి మాత్రల్లో కెఫీనే కలిపి ఉంటుంది, అట్ట మీద చదువు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బైపాస్ అయినవాళ్ళకు కుట్టు దగ్గర పుండు తెప్పిస్తాయి. కాబట్టి ఆపరేషన్ తర్వాత వాటి జోలికే పోవద్దు. ముందు కూడా డాక్టరును అడగకుండా వేసుకోకు. పారాసిటమాల్ చాలా మందికి సరిపోతుంది.

ఆపరేషన్ రోజు తెల్లవారి పాలు కలిపిన కాఫీ ఒక్క గుక్క కూడా వద్దు. మత్తు ఇచ్చేవాళ్ళ లెక్కలో పాలు తిండి కిందే వస్తాయి, కనీసం ఆరు గంటల ఎడం కావాలి.

ఇక అసలు సంగతి ఆపరేషన్ తర్వాతది. బైపాస్‌లో నీకు మిగిల్చే పొట్ట సుమారు 30 మి.లీ. పడుతుంది. ఆస్పత్రిలో దగ్గు మందు సీసా మీద ఉండేలాంటి చిన్న కప్పు ఇస్తారు, దానిమీద 30 అని గీత ఉంటుంది. పదిహేను నిమిషాలకు ఒక కప్పు, చప్పరిస్తూ తాగాలి. అంటే గంటకు 120 మి.లీ. రోజుకు లీటరున్నర లోపలికి పోవాలంటే పన్నెండున్నర గంటలు ఇదే పని. నేను మంచం పక్కన ఫోన్‌లో అలారం పెట్టుకుని తాగాను. ఈ ఆపరేషన్ అయినవాళ్ళు మళ్ళీ ఆస్పత్రిలో చేరడానికి ముఖ్య కారణాల్లో ఒకటి నీళ్ళు చాలకపోవడం. కాఫీ ఒంట్లో నీళ్ళన్నీ లాగేస్తుందని అంటారు గానీ, అలవాటైనవాళ్ళకు అది అంత పెద్ద లెక్క కాదు. నీళ్ళకూ ప్రోటీన్‌కూ దక్కాల్సిన చోటును కాఫీ తినేయడమే అసలు నష్టం. పైగా కడుపులో యాసిడ్ పెంచుతుంది, లోపల కుట్లు ఇంకా మానుతుంటాయి. కారం లేని చారు తేట, పలచటి మజ్జిగ, వాళ్ళు చెప్పిన ప్రోటీన్, వీటికే ఆ చోటు ఇవ్వు.

మళ్ళీ ఎప్పుడు తాగొచ్చన్నది ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో మాట. ఒకచోట నెలంటారు, ఇంకోచోట మూడు నెలలంటారు, కొందరు ముందే ఒప్పుకుంటారు. నీకు కోసిన డాక్టరు మాటే నీకు మాట, నాదీ కాదు, పక్క మంచం వాళ్ళదీ కాదు. ఒప్పుకున్నాక కూడా చిన్న గ్లాసులో సగం, పలచగా, చక్కెర లేకుండా మొదలుపెట్టు. బైపాస్ అయినవాళ్ళు తియ్యగా తాగితే అది నేరుగా పేగులోకి జారి గుండె దడ, చెమటలు, విరేచనాలు వస్తాయి. ఐరన్ మాత్ర విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో, బైపాస్‌లో తిండి ఆ భాగానికి పోకుండానే దాటిపోతుంది. కాఫీ, టీల్లోని వగరు పదార్థం ఉన్న కాస్త ఐరన్‌నూ పట్టనివ్వదు. మాత్రకూ కాఫీకీ రెండు గంటల ఎడం పెట్టు, భోజనానికీ ఒక గంట. నాకు స్లీవ్ కాబట్టి ఛాతీలో మంట ఎక్కువ, అందుకే ఇప్పటికీ పొద్దున అర గ్లాసుతో ఆపేస్తాను.

నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, విరేచనం నల్లగా వచ్చినా, గుండె దడ తగ్గకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నావట. అలిపిరి దారిలో 3550 మెట్లు, డాక్టరు సరేనన్నాకే ఎక్కుదువు గానీ.

మీ అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఇంటికి ఎవరొచ్చినా పొయ్యి మీద పాలు పెట్టడం మనకు అలవాటు. దర్శనానికి వచ్చే చుట్టాలతో తిరుపతిలో మా ఇంట్లోనూ ఫిల్టరు ఖాళీగా ఉండదు. వచ్చినవాళ్ళకు ఇవ్వనీ, నీ గ్లాసు మాత్రం ట్రేలో పెట్టొద్దని చెప్పు. మొహమాటపడకుండా డాక్టరు వద్దన్నాడని చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. సాయంత్రం కాఫీ మానిన మొదటి రోజు నాకు ఫోన్ చెయ్యి, ఎలా ఉందో చెప్పు.

మీ పెద్దమ్మ
తిరుపతి