కొర్రమీను పిల్లలను బతికున్న మేత నుంచి పెల్లెట్లకు మళ్లించడం

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. హేచరీ నుంచి తెచ్చిన పాతిక కొర్రమీను పిల్లలూ ఇంకా గుంపుగానే తిరుగుతున్నాయనీ, బతికున్న పురుగులు తప్ప వేరేది ముట్టడం లేదనీ రాశావు. పెల్లెట్లు (ఎండు గుళికల మేత) ఎలా అలవాటు చేయాలో గుంపు విడకముందే అడగడం మంచిదైంది. గుంపులో ఒకటి నోరు పెడితే మిగతావి ఎగబడతాయి. ఆ పోటీయే నీకు సగం పని చేసిపెడుతుంది. ఒంటి మీది ఎరుపు పోయి, దేని మూలన అది నక్కే వయసొచ్చాక ఒక్కోదానికీ విడివిడిగా నేర్పాల్సి వస్తుంది.

ఈ పిల్లలు మేతను మొదట కదలికతోనే గుర్తుపడతాయి. కదలనిది వాటి లెక్కలో తిండి కాదు. పురుగు మానేసి ఒక్కసారిగా పెల్లెట్ వేస్తే కదలిక, వాసన, మెత్తదనం, ఆకారం అన్నీ ఒకే పూటలో మారిపోతాయి, అందుకే ముట్టవు. నువ్వు చేయాల్సిందల్లా ఒక్కో విడతలో ఒక్కటి మార్చడమే. అంగుళం దాటిన పిల్లలతోనే మొదలుపెట్టు. అంతకంటే చిన్నవాటికి ఇంకొన్నాళ్లు ఆర్టీమియా, డాఫ్నియా (నీళ్లలో ఈదే చిన్న చిన్న జీవులు) వెయ్యి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టి ఇప్పటికి సరిపోతుంది. తొమ్మిది అంగుళాలే నీళ్లు పొయ్యి, దాదాపు 42 లీటర్లవుతాయి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చేప కాబట్టి నీటికీ మూతకీ మధ్య ఖాళీ ఉండాలి. పైన వలమూత బిగించి బరువు పెట్టు, లేకపోతే ఎగిరి బయట పడతాయి. అడుగున ఇసుక, రాళ్లు వద్దు, మిగిలిన మేత కనపడదు. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి నాలుగు గుర్రపుడెక్క మొక్కలు చాలు. నీళ్లు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లబడితే ఆకలి మందగిస్తుంది, నువ్వేమో మేత నచ్చలేదనుకుంటావు.

మొదటి విడతలో కదలిక ఒక్కటే తీసెయ్. గడ్డకట్టిన బ్లడ్‌వార్మ్ (ఎర్రటి సన్నని పురుగులు) క్యూబును టీ వడగట్టులో వేసి కరిగించి, కడిగి, బతికున్న పురుగుల్లో కలిపి వెయ్యి. రెండు రోజులు పావు వంతు, తర్వాతి రెండు రోజులు సగం, ఇంకో రెండు రోజులు ముప్పావు, ఆపైన మొత్తం. డ్రాపరుతో స్పాంజి ఫిల్టరు బుడగల దగ్గర వదులు. నీటి కదలికకు చచ్చిన పురుగు కూడా మెలికలు తిరిగినట్టు కనిపిస్తుంది, ఆ ఊపులో పట్టేస్తాయి.

రెండో విడత ముద్ద. చాలామంది ఇక్కడే తొందరపడతారు. తిలాపియా చేప మాంసం 25 గ్రాములు (తోలు, ముల్లు లేకుండా), ఒలిచిన రొయ్య 15 గ్రాములు, పెల్లెట్ల పొడి 10 గ్రాములు మెత్తగా రుబ్బు. గ్రాము చైనా గ్రాస్ (అగర్ అగర్) 25 మిల్లీలీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగేదాకా మరిగించి, కాస్త ఆరాక ముద్దలో కలుపు. ముద్ద ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంటే చైనా గ్రాస్ తగలగానే ఉండలు కట్టేస్తుంది, గది వేడికి వచ్చాకే కలపాలి. జిలాటిన్ వాడకు, మన ఎండాకాలం నీళ్లలో కరిగిపోయి తొట్టంతా తెల్లబడుతుంది. ముద్దను జిప్ కవరులో పలుచగా పరిచి ఫ్రీజరులో పెట్టు. కావాల్సినంత విరిచి, బ్లడ్‌వార్మ్ అంత సన్నగా, పొడుగ్గా తరిగి వెయ్యి. ఆకారం పాతదే ఉండాలి. మొదటి రోజుల్లో బ్లడ్‌వార్మ్ కరిగిన నీళ్లు రెండు చుక్కలు పైన చల్లు. మూడు నాలుగు రోజులకోసారి కొత్త ముద్ద చేస్తూ పొడిని 20, 30, 40 గ్రాములకు పెంచు, మాంసం ఆ మేరకు తగ్గించు. పొడి పెరిగేకొద్దీ నీళ్లు కాస్త ఎక్కువ పట్టాలి, ముద్ద వేలితో నొక్కితే దిగేంత మెత్తగా ఉండాలి.

నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తున్నాయంటే సంతోషించు. తిండి అని గుర్తుపట్టాయన్నమాట. ముక్క గట్టిగానో పెద్దగానో ఉంది, అంతే. రెండు కళ్ల మధ్య దూరం కంటే లావు ఉండకూడదు.

మూడో విడత పెల్లెట్. రోహు, కట్లలకు వేసే 28 శాతం ప్రొటీన్ మేత పనికిరాదు. 40 శాతానికి తగ్గకుండా, మిల్లీమీటరు సైజులో, తేలేది తీసుకో. వేసేముందు నీళ్లు చిలకరించి ఐదు నిమిషాలు మెత్తబడనివ్వు. ఎక్కువ నానితే మునిగిపోతుంది. పిల్లలన్నీ కలిపి 8 గ్రాములు తూగితే రోజుకు పొడి మేత 0.6 గ్రాములు చాలు, నాలుగు పూటలుగా వెయ్యి. ముద్దయితే తడి బరువు కాబట్టి 2 గ్రాములు. బంగారం తూచే చిన్న కాటా ఒకటి కొనుక్కో. తెల్లవారినప్పుడూ సందెవేళా ఎక్కువ ధైర్యంగా తింటాయి.

ఆకలి పెడితే అవే తింటాయని ఎవరైనా చెబితే వినకు. ఈ వయసులో ఒక పూట మించి పస్తు పెడితే ముందు పక్కదాన్ని తింటాయి. తోటిదాన్ని మింగింది ఒక్కసారిగా ఎదుగుతుంది, ఎదిగాక ఇంకో రెంటిని మింగుతుంది. వారానికోసారి సైజు చూసి, మిగతావాటికంటే ఒకటిన్నర రెట్లు పొడుగున్నదాన్ని వేరే తొట్టిలోకి మార్చు. తల పెద్దదిగా, మెడ వెనక గుంటపడి, పొట్ట లోపలికి పోయి కనిపించేవాటిని కూడా తీసెయ్. వాటికి రెండు మూడు రోజులు బ్లడ్‌వార్మ్ పెట్టి, కోలుకున్నాక ముద్ద దగ్గర మళ్లీ మొదలుపెట్టు. పెల్లెట్ నేర్చిన అదే సైజు పిల్లను ఒకటి తోడు వేస్తే త్వరగా అందుకుంటాయి.

నీళ్ల సంగతి అసలు అశ్రద్ధ చేయకు. గాలి పీల్చే చేప కాబట్టి నీళ్లు చెడినా వేరే చేపల్లా వెంటనే నోరు తెరిచి తేలదు. రెక్కల అంచులు తెల్లబడి, మేత మానేసేదాకా నీకు తెలియదు. అప్పటికే మలం, మిగిలిన మేత కుళ్లి నీళ్లలో చేరే అమ్మోనియా పని చేసేస్తుంది. వేసిన పావుగంటకు మిగిలింది గొట్టంతో లాగెయ్. ముద్ద వేసినన్నాళ్లూ రోజూ పావు వంతు నీళ్లు మార్చు. కొత్త నీళ్లు ముందురోజే పట్టి గాలి ఆడించి ఉంచు.

పెల్లెట్ పట్టాక నెలరోజులదాకా ముద్దుకైనా గప్పీలు (చిన్న చేపలు), ట్యూబిఫెక్స్ (బతికున్న సన్నని ఎర్ర పురుగులు) వేయొద్దు. ఒక్కసారి రుచి తగిలితే మర్నాడు పెల్లెట్ వైపు చూడకుండా దానికోసమే ఎదురుచూస్తాయి. చెరువు నుంచి పట్టిన గప్పీలతో చేప పేను, లంగరు పురుగు లాంటి పరాన్నజీవులు కూడా తొట్టిలోకి వస్తాయి. అన్నీ రెండంగుళాలు దాటాక పూటలు నాలుగు నుంచి మూడుకు తగ్గించు, పెల్లెట్ 2 మిల్లీమీటర్లకు పెంచు. ఆ సరికి నాలుగడుగుల తొట్టి సిద్ధంగా పెట్టుకో.

మీ మామయ్య