బొగ్గు గుళికలు చేసేవాళ్లకు

బిడ్డా,

సామిల్లు తుక్కు, పత్తికట్టె కాల్చి బొగ్గు గుళికలు చేస్తనంటున్నవు. మంచిదే. మిషను బేరం తర్వాత చూద్దువు గని, ముందు గంజి సంగతి తెలుసుకో. కాల్చని రంపపు పొట్టును గట్టిగ ఒత్తితే ఆ వేడికి కట్టెలోని లిగ్నిన్ అనే జిగురు మెత్తబడి దానంతటదే అంటుకుంటది. బొగ్గుల ఆ జిగురు ఉండదు. ఎంత ఒత్తినా ఎండినంక రాలిపోతది. అందుకే గంజి కలపాలె.

ప్లైవుడ్, రంగేసిన చెక్క తీసుకోకు. పత్తికట్టెకు వేళ్ల మన్ను దులుపు, లేకుంటే బూడిద పెరుగుతది, మిషను అచ్చు అరుగుతది. 200 లీటర్ల డ్రమ్ముల కాలుస్తున్నప్పుడు తెల్లపొగ దట్టంగ వస్తే ఇంకా తేమ పోతున్నట్టు. అది పలచబడి నీలంగ మారంగనే మూతపెట్టి, అంచులకు తడిమట్టి మెత్తు. సందు మిగిలితే తెల్లారేసరికి బూడిదే. 100 కిలోల ఎండుకట్టెకు 20-25 కిలోల బొగ్గు వస్తే చాలు. విరిచినప్పుడు లోపల గోధుమరంగున్న ముక్కల్ని మళ్లీ కాల్చు. అవే పొయ్యిల పొగపెడతయి. చల్లారిందనిపించినా వెంటనే సంచులకెత్తకు, లోపల నిప్పు దాగుంటది. ఒక రోజు ఆరుబయట పరిచి ఉంచు.

మూతికి గుడ్డ కట్టుకొని, నీళ్లు చిలకరిస్తూ దంచి, 3 మి.మీ. జల్లెడ పట్టు.

10 కిలోల పొడికి అరకిలో మైదాగని కర్రపెండలం పిండిగని. లీటరు చల్లనీళ్లల్ల ఉండలు లేకుండ కలిపి, మరిగే మూడు లీటర్లల్ల పోసి, చిక్కబడి నిగనిగలాడేదాక తిప్పు. చాలామంది పచ్చిపిండే పొడిల కలుపుతరు. ఉడకని పిండికి జిగురు రాదు. గంజి వేడి మీదనే కలిపి, పిడికిట్ల ఒత్తి చూడు. ముద్ద నిలవాలె, నీళ్లు కారొద్దు. పొడిపొడిగ ఉంటే ఇంకో లీటరు దాక కొంచెం కొంచెం పోసుకో.

మొదట్ల కీమా మిషను చాలు, 8 మి.మీ. రంధ్రాల పళ్లెంతో. గుళికల్ని తొలిరోజు నీడల, తర్వాత రెండు మూడు రోజులు ఎండల ఆరబెట్టు. మన వరంగల్ మే ఎండల నేరుగ పరిస్తే పైపొర బిగుసుకుంటది, లోపలి తేమ దాన్ని పగలగొట్టుకొని వస్తది. ఆరినంక నడుమెత్తు నుంచి గచ్చు మీద పడెయ్యి. పొడైతే గంజి తక్కువైందో, సరిగ ఉడకలేదో. అట్లని గంజి మరీ ఎక్కువ పోసినా పొగ, బూజు, ఎలుకలు. వానకు తడిస్తే మళ్లీ బురదే, పాలిథిన్ సంచుల కట్టిపెట్టు.

కొనేటోళ్లకు ఒక మాట తప్పకుండ చెప్పు. పొగ లేదు కదా అని చలికాలం తలుపులు మూసుకొని కుంపటి పెట్టుకుంటరు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రల్నే ప్రాణం తీస్తది. ఈ గుళికలు బయట వాడే సరుకని సంచి మీదనే రాయించు.