ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న నేటివ్ స్పీకర్లకీ మనకీ రీసెర్చ్ పేపర్ రాయడంలో తేడా ఎక్కడ?

తేడా గ్రామర్‌లోనే ఉందని అడిగినవారు ముందే తేల్చేసుకున్నట్టున్నారు. నేను ఒప్పుకోను. గుంటూరు బ్రాడీపేటలో థీసిస్‌లు దిద్దే పని నాది. ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ మన భాషలో లేవు కాబట్టి అక్కడ తప్పులు పడతాయి, వాటిని సాఫ్ట్‌వేరే చాలావరకు దిద్దేస్తుంది. అసలు తేడా పేపర్‌ని ఎక్కడ మొదలుపెడతామన్న దాంట్లో ఉంది.

మిరప మీద రీసెర్చ్ చేస్తున్న ఒకాయన తిరిగొచ్చిన పేపర్ పట్టుకొచ్చారు. జర్నల్ తరఫున పేపర్ పరిశీలించే రివ్యూయర్ ఒక్క ముక్కే రాశాడు, నేటివ్ స్పీకర్‌కి చూపించుకోమని. గోల్డ్ మెడల్ మనిషి, మొహం చూస్తే జాలేసింది. చదివాను. ఇంగ్లిష్‌కి ఏ రోగమూ లేదు. కానీ మొదటి పేజీలో భారతదేశం వ్యవసాయ దేశం. రెండో పేజీలో పోర్చుగీసువారు మిరపను తేవడం. ఆ తర్వాత మన మిర్చి యార్డు ఘనత. 2021లో పూతలో చేరి ఇక్కడి రైతుల్ని ముంచేసిన నల్ల తామర పురుగు నాలుగో పేజీలో గానీ కనబడలేదు. పేపరేమో ఆ పురుగు గురించే! వేదిక మీదున్న పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పి గానీ విషయంలోకి రాని ఉపన్యాసంలా ఉంది.

పురుగును మొదటి వాక్యంలోకి లాగాను. ఇప్పటికి ఏం తెలుసు, ఏం తెలియదు, అందులో నేనేం చూశాను. ఈ వరుసను జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త 1990లోనే విడమరిచి చెప్పాడు.

గొడవంతా కన్‌క్లూజన్ దగ్గరొచ్చింది. ‘ఈ మందు పురుగును పూర్తిగా నిర్మూలిస్తుంది’ అని రాశారు. చూస్తే ఒకే సీజన్, రెండు ఊళ్ల పొలాలు. ‘ఈ పరిస్థితుల్లో తగ్గించినట్టు కనిపిస్తోంది’ అని మార్చబోతే, ‘నా పని మీద నాకే నమ్మకం లేనట్టుంటుంది కదండీ, మా గైడ్ గారు ఊరుకోరు’ అన్నారు. వాట్సన్, క్రిక్‌ల 1953 నాటి డీఎన్‌ఏ పేపర్ తీసి చూపించాను. జన్యు పదార్థం ఎలా కాపీ అవుతుందో ఈ జతల అమరిక సూచిస్తోంది, అది మా దృష్టి దాటిపోలేదు అని ఒక్క వాక్యంలో అనేసి ఊరుకున్నారు. అంతటివాళ్లే అంత తగ్గి రాస్తే మనకేం పోయింది? రెండోసారి రివ్యూలో ఇంగ్లిష్ ఊసే లేదు. మందు కొట్టాక వాన పడిందా అని అడిగారు. అదీ అడగాల్సిన ప్రశ్న.

అలాగని ఇది తెల్లవాళ్లకి ఉగ్గుపాలతో వచ్చేదేం కాదు. అమెరికా యూనివర్సిటీల్లో మొదటి ఏడాదే రాయడం నేర్పే కోర్సు పెట్టేది అందుకే. ఇక్కడ సీనియర్ థీసిస్ ఒకటి చేతికిచ్చి ఇలాగే రాయమంటారు. ఆ ‘వ్యవసాయ దేశం’ అలా చేతులు మారుతూ ఉంటుంది.

పైగా 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చిక్కే. దాంతో నా దగ్గరికొచ్చేవాళ్లు ముందు అడిగేది ‘పర్సంటేజ్ తగ్గిస్తారా’ అనే. ఇప్పుడు రాసింది మనిషా మెషినా అని చెప్పే ఏఐ డిటెక్టర్ల టెన్షన్ ఒకటి. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పరీక్షిస్తే, విదేశీయులు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని డిటెక్టర్లు మెషిన్ రాత అన్నాయి. అమెరికా స్కూలు పిల్లల వ్యాసాల జోలికి మాత్రం దాదాపు పోలేదు. సాదాగా రాస్తే మెషిన్ అంటారు, మెలికలు తిప్పితే నేటివ్ స్పీకర్‌కి చూపించుకోమంటారు. మొన్న ఒకమ్మాయి సొంతంగా రాసుకున్న చాప్టర్ అలాగే దొరికిపోతే, కావాలని నాలుగు స్పెల్లింగ్ తప్పులు పెట్టించుకోమని ఆవిడ గైడే సలహా ఇచ్చారట. నేను పెట్టనన్నాను.