ఊపిరితో పాటు గడ్డ కూడా కదులుతుంది

ప్రశ్న: నమస్తే సార్. మా బాపు ముప్పై ఏళ్లు జిన్నింగు మిల్లులో పనిచేశాడు, బీడీలు కూడా కాల్చేవాడు. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో కేన్సర్ గడ్డ ఉందన్నారు. కరెంటు (రేడియేషన్) పెట్టించడానికి హైదరాబాద్ తీసుకుపోతే పొట్ట మీద చిన్న డబ్బా పెట్టి స్కాన్ తీశారు, కంప్యూటర్‌లో ఊపిరి లెక్క వేయాలి, వారం తర్వాత రమ్మన్నారు. గడ్డ ఎక్కడుందో తెలిశాక ఇంకా ఈ లెక్కలెందుకు? మధ్యలో దగ్గొస్తే ఎట్లా? ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: గడ్డ ఎక్కడుందో తెలిసింది నిజమే, కానీ అది అక్కడే ఉండదు. పొట్టకీ ఛాతీకీ మధ్యనున్న డయాఫ్రం కండరం ప్రతి ఊపిరికీ కిందికి దిగి పైకి లేస్తుంది, దాంతో పాటు మీ బాపు గడ్డలాంటివి, అంటే కింది భాగంలో ఉన్నవి, కొందరిలో రెండు సెంటీమీటర్ల దాకా జరుగుతాయి. పైభాగంలో ఉన్నవి అంతగా కదలవు. గడ్డ జరిగితే కిరణం పక్కనున్న మంచి ఊపిరితిత్తికి తగులుతుంది, అలాగని గురి మరీ వెడల్పు చేస్తే ఆ మంచి భాగం ఇంకా ఎక్కువ దెబ్బతిని తర్వాత ఆయాసం, దగ్గు రావచ్చు.

ఆ డబ్బా మీద మెరిసే చుక్కలుంటాయి, ఎదురుగా ఉన్న కెమెరా వాటిని చూసి పొట్ట ఎంత లేచింది, ఎంత దిగిందని రాసుకుంటుంది. మామూలుగా నాలుగైదు సెకన్లు పట్టే ఒక్క ఊపిరిని దాదాపు పది దశలుగా విడదీసి ఒక్కో దశకు ఒక్కో బొమ్మ తయారు చేస్తారు. ఆ తర్వాతే కంప్యూటర్ పని. మన వరంగల్ కొత్తవాడ జంపఖానా ఒకటి పరిచి దాని మీద దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టి ఒక అంచు పట్టుకుని లాగారనుకోండి, ఆ అంచు దగ్గరి చుక్క చాలా జరుగుతుంది, అవతలి చివర ఉన్నది కదిలీ కదలనట్టుంటుంది. ఊపిరితిత్తిలో కూడా ఏ చుక్క ఎటు, ఎంత జరిగిందో ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు లెక్కగడతారు. పైగా అది పక్కటెముకల గోడకు అతుక్కుని ఉండదు, దాని వెంట జారుతుంది, ఆ జారుడును సరిగ్గా లెక్కలోకి తేవడం చాలా కష్టమైన పని.

నాకు ఈ విషయంలో బాగా నచ్చేది ఒకటుంది. గాలి లోపలికి పోయేటప్పుడు గడ్డ నడిచిన దారి, బయటికి వచ్చేటప్పుడు నడిచిన దారి చాలామందిలో ఒకటి కాదు. అందుకే 2005లో అమెరికాలో డేనియల్ లో (Low) అనే శాస్త్రవేత్త బృందం, సమయాన్ని బట్టి కాకుండా లోపల ఎంత గాలి ఉంది, అది ఎంత వేగంగా పోతోంది అనే రెండింటిని బట్టి గడ్డ చోటు చెప్పే లెక్క కట్టింది. ఎందుకంటే ఏ మనిషీ గడియారం చూసుకుని ఊపిరి తీయడు కదా. ఏ భాగం ఎంత ఉబ్బిందో చూసి గాలి ఎక్కడ బాగా ఆడుతోందో కూడా పసిగట్టవచ్చు, ఏళ్ల తరబడి బీడీ కాల్చినవాళ్లకు అది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బాగా పనిచేసే ఆ భాగాన్ని కిరణాలకు దూరంగా ఉంచే పద్ధతి ఇంకా అన్ని ఆసుపత్రుల్లోకీ రాలేదు.

దగ్గు గురించి: బాపు స్కాన్ రోజు ఎట్లా ఊపిరి తీశాడో చికిత్సప్పుడు కూడా అట్లాగే తీయాలి, భయంతో బిగపట్టొద్దు. సిబ్బంది బయట నుంచి కెమెరాలో చూస్తూనే ఉంటారు, దగ్గొస్తే కిరణం ఆపి మళ్లీ మొదలుపెడతారు. ఈ వారంలో జలుబు, ఆయాసం పెరిగితే మాత్రం తప్పకుండా వాళ్లకు చెప్పండి, ఊపిరి తీరు మారితే పాత లెక్క పనికిరాకపోవచ్చు. వారం పట్టడం మామూలే, చెప్పిన తేదీ దాటితే మాత్రం ఊరుకోకండి, ఫోన్ చేసి అడగండి.

ప్రశ్న: మా అక్కకు ఎడమ రొమ్ము కేన్సర్. ఆమెను మాత్రం ఊపిరి బిగపట్టమంటున్నారు, ఎందుకు?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: గట్టిగా గాలి పీల్చి ఆపితే ఊపిరితిత్తి ఉబ్బి, గుండె ఛాతీ గోడకు కాస్త దూరం జరుగుతుంది, గుండెకు తగిలే కిరణాలు తగ్గుతాయి. ఇంట్లో రోజూ పడుకుని ఇరవై సెకన్లు ఆపడం అలవాటు చేయించండి. తల తిరిగినట్టుంటే వెంటనే వదిలేయమనండి.