సేవకు వచ్చేవారికి పోలీసు ధ్రువీకరణ ఒక్కటి సరిపోతుందా?

ఆదివారాల్లో బాలల గృహానికీ వృద్ధాశ్రమానికీ వెళ్లే మీ బృందంలో కొత్తగా చేరేవారి నుంచి పోలీసు ధ్రువీకరణ పత్రం తీసుకుంటే చాలా అని అడిగారు. తప్పక తీసుకోండి; పిల్లలతో తరచూ మెలిగే సంస్థలు తమ సిబ్బంది పూర్వాపరాలను ఎప్పటికప్పుడు విచారించుకోవాలని పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) నిబంధనలు, 2020 కూడా చెబుతున్నాయి. అయితే అప్పటివరకు పోలీసు రికార్డుల్లో ఏమీ లేదన్న సంగతిని మించి ఆ పత్రం మరేమీ చెప్పదు. విజయవాడలో ఇటువంటి బృందానికి కొన్నేళ్లు సమన్వయకర్తగా ఉన్న నాకు అంతకన్నా ఎక్కువగా పనికొచ్చింది, పెద్దవారెవరూ ఏ బిడ్డతోనూ మూసిన గదిలోగాని వాహనంలోగాని ఒంటరిగా ఉండరాదన్న నియమం.

దాని అమలుకు మొదట అడ్డుపడేది మనం గౌరవించేవారే. ఒక దాత తన పుట్టినరోజుకు ఇద్దరు అబ్బాయిలను కారులో తీసుకెళ్లి హోటల్లో భోజనం పెట్టిస్తానన్నారు. ఆయనపై మాకు ఏ అనుమానమూ లేకపోయినా కుదరదన్నాం. "ఇన్నాళ్లు బియ్యం ఇచ్చిన నన్నే శంకిస్తారా?" అని నొచ్చుకుని ఆయన రావడం మానేశారు, బియ్యమూ ఆగిపోయింది. అయినా ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మంచివారికి నియమం సడలుతుందని తెలిస్తే, దురుద్దేశం ఉన్నవాడు ముందు మంచివాడన్న పేరే సంపాదిస్తాడు.

ఇక ఏ బిడ్డయినా ఏదైనా చెప్పినప్పుడు, పెద్దలంతా కూర్చుని నిజానిజాలు తేల్చాక చూద్దామనుకోకండి (పంచాయితీ పెట్టే అలవాటు మనవాళ్లను అంత తొందరగా వదలదు). 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం కలిగినా పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత. తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలియజేయని సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి మాత్రం చట్టమే రక్షణ కల్పిస్తుంది. బిడ్డ చెప్పింది ఆ మాటల్లోనే రాసుకోండి, గుచ్చి గుచ్చి అడగకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. సలహా కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.

వృద్ధాశ్రమంలో నేను ఎక్కువగా గమనించిన ప్రమాదం డబ్బు దగ్గర. చేతకాని పెద్దలు పింఛను తెచ్చిపెట్టమని ఏటీఎం కార్డూ పిన్నూ నమ్మకంగా ఇచ్చేస్తారు. మా సభ్యులు వాటిని ముట్టుకోరాదని నిర్ణయించుకున్నాం. అవసరమైతే ఆ పెద్దాయననే వెంటబెట్టుకుని, ఇద్దరు సభ్యులు కలిసి బ్యాంకుకు వెళ్లేవారు. ఎవరైనా వారిని వేధిస్తున్నట్టు అనిపిస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.