లంకమల కింద చీనీ తోటకు థార్, జిమ్నీ కాదు, క్యాంపర్ చూడండి

అన్నా, తోటకు పోయే దారిలో ఇసుక వంక ఉంది, ఎరువు మూటలూ డ్రిప్ పైపులూ మోయాలి, థార్ కొనాలా జిమ్నీ కొనాలా అని అడిగారు కదా. రెండూ రాళ్ల దారిలో గట్టి బండ్లే, కానీ మీ పనికి చాలవు. జిమ్నీ వెనక సీట్లు మడవకపోతే డిక్కీ 208 లీటర్లే, మూడు యూరియా మూటలకే ఇరుకు.

అందుకే ముందు మనుషులకు సీట్లు, వెనక సామానుకు తొట్టి ఉన్న మహీంద్రా పికప్ బొలెరో క్యాంపర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నదే, అంటే నాలుగు చక్రాలూ లాగేదే తీసుకోండి. మామూలుది వెనక చక్రాలతోనే లాగుతుంది కాబట్టి, ఖాళీ బండితో ఇసుకలో దిగితే వెనక బరువు లేక చక్రం అక్కడే తిరిగి ఇంకా లోతుకు పోతుంది, మళ్లీ ట్రాక్టర్ కోసం ఎదురుచూడాలి. బండిని మెల్లగా, ఎక్కువ బలంతో నడిపే లో రేంజ్ గేరు ఉందేమో కూడా అడిగి, వేయించి చూడండి, బరువుతో రాళ్ల దిగుడు దిగేటప్పుడు బ్రేకు వేడెక్కకుండా కాపాడేది అదే.

అన్నిటికంటే ముఖ్యం టైర్లు! రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు వేయించి, బరువు లేనప్పుడు వంకకు ముందు గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించండి, అప్పుడు టైరు పరుచుకుని ఇసుకలో తక్కువ దిగబడుతుంది, తారురోడ్డు ఎక్కకముందే మళ్లీ నింపాలి, అందుకే గాలి పంపు బండిలోనే ఉండాలి. వంకలో నీళ్లు పారుతుంటే మాత్రం ఏ బండైనా దించొద్దన్నా.