బాబూ, ఆ రాళ్లను ఉడకబెట్టకు

చిరంజీవి బాబుకు, ప్లేనో నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సముద్రపు చేపలనూ పగడాలనూ పెంచే నీ రీఫ్ ట్యాంకు నిండా వెంట్రుకల్లాంటి పచ్చని నాచు పట్టిందనీ, నాలుగు నెలలుగా పీకినకొద్దీ పెరుగుతోందనీ, విసిగిపోయి ఈ శనివారం రాళ్లన్నీ బయటికి తీసి పెద్ద గిన్నెలో ఉడకబెట్టి, నాచుకు తిండి అయిన ఫాస్ఫేట్‌ను లాగేసే మందు దండిగా వేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టబోతున్నావనీ చెప్పింది. ఈ దశలో చాలామంది ట్యాంకు అమ్మేస్తారు. నువ్వు దాన్ని నిలబెట్టుకోవాలని చూస్తున్నావని విని నాకు ఎంతో గర్వంగా అనిపించింది కానీ, ఉడకబెట్టడం అన్న మాట చెవిన పడగానే గుండె జారిపోయింది. ఇక నిద్ర పట్టక, తెల్లవారకముందే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

అన్నిటికన్నా ముందు ఈ ఒక్క సంగతి విను. పోయిన దసరాకు మీ ఇంటికి వచ్చినప్పుడు, నీ ట్యాంకులో కుడిపక్క రాయి మీద గోధుమరంగు బొత్తాల్లాంటి జీవులు గుత్తులుగా ఉండడం చూశాను. అవి పాలితోవాలు, పగడాల దగ్గరి బంధువులు. వాటిలో కొన్ని రకాలలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. హవాయిలో మౌయి దీవిలోని హానా దగ్గర దొరికిన జీవుల నుంచి ఆ విషాన్ని వేరుచేసినట్టు 1971లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అక్కడి పూర్వులు దాన్ని ఈటెల మొనలకు పూసేవారని ఆ దీవిలో కథ ఉంది. నీళ్లు మరిగించినంత మాత్రాన ఆ విషం విరగదు, పైగా ఆవిరితో కలిసి గాలిలోకి లేస్తుంది. ఇలా రాళ్లను ఉడకబెట్టిన ఇళ్లలోనూ, వేడినీళ్లు పోసి తోమిన ఇళ్లలోనూ కుటుంబాలకు కుటుంబాలే జ్వరంతో, దగ్గుతో, ఊపిరాడక ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. ఇప్పుడిప్పుడే తప్పటడుగులు వేస్తున్న పసిపిల్ల తిరిగే ఇంట్లో, అన్నం వండుకునే పొయ్యి మీద ఆ పని చేద్దామని నీకెలా తోచింది? కోప్పడుతున్నానని అనుకోకు, భయపడుతున్నాను. ఒక్క రాయి కూడా వంటగది గడప దాటకూడదు. తోమవలసి వస్తే ట్యాంకు నీళ్లు పోసిన బకెట్‌లో, గ్యారేజీ తలుపు తెరిచి, చేతులకు తొడుగులూ కళ్లకు అద్దాలూ పెట్టుకుని తోము. ఆ బొత్తాలున్న రాయిని మాత్రం నేను వచ్చేదాకా ముట్టుకోకు.

ఇక నీకు తెలిసే ఉండే సంగతులను త్వరగా చెప్పేస్తాను. కుళాయి నీళ్లు వద్దు. ఆర్వో యంత్రం నుంచి వచ్చే నీటిని మీటరుతో కొలిస్తే సున్నా రావాలి, మన టెక్సాస్ నగరాల్లో చాలాచోట్ల క్రిములను చంపడానికి క్లోరమైన్ కలుపుతారు కాబట్టి దానికి తగిన కార్బన్ ఫిల్టర్ ఉండాలి. గడ్డకట్టిన మేతను కరిగించి, ఆ నీటిని వార్చిన తరువాతే చేపలకు వెయ్యి. ఇసుకలోనూ, సంప్ (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) అడుగునా పేరుకున్న మట్టిని పైపుతో లాగేయి. నత్తలలో ట్రోకస్ రకం తెచ్చుకో, అవి బోర్లాపడినా తమంతట తాము లేవగలవు.

నీ పరీక్షలో ఫాస్ఫేట్ సున్నా వస్తోందనీ, మరి నాచు ఎలా పెరుగుతోందో అర్థం కావడం లేదనీ అన్నావట. నీటిలోకి వచ్చిన ఫాస్ఫేట్‌ను వచ్చినట్టే ఆ నాచు తాగేస్తుంటే, నీ పరీక్షకు మిగిలేది ఏముంటుంది? రాళ్లు కూడా ఏళ్ల తరబడి ఫాస్ఫేట్‌ను పీల్చుకుని, నీటిలో తగ్గినప్పుడల్లా మెల్లగా వదులుతుంటాయి. అందుకే ఆ అంకె ఒక్కదాన్నే నమ్ముకుని మందు వెయ్యకు. ఇంతగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే, మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పని ఒక సంగతి నీకు చెప్పాలి.

2013లో మీ అక్క నిశ్చితార్థం మా ఇంట్లోనే పెట్టుకున్నాం. నలభై మంది వస్తున్నారు, హాల్లో అడుగుపెట్టగానే కనబడేది నా తొంభై గ్యాలన్ల ట్యాంకు, దాని నిండా నీ ట్యాంకులో ఉన్నటువంటి నాచే. వియ్యాలవారి ముందు పరువు పోతుందని నాకు ఒకటే ఆరాటం. ఫాస్ఫేట్‌ను లాగేసే, తుప్పు రంగు రవ్వలా ఉండే ఐరన్ ఆక్సైడ్‌ను డబ్బా మీద రాసినదానికి రెండింతలు వేశాను. చేపల మేత సగానికి తగ్గించాను. మూడు రోజులు దీపాలు ఆర్పి దుప్పటి కప్పాను. పది రోజులకు నాచంతా బూడిదరంగుకు తిరిగి రాలిపోయింది. ఫాస్ఫేట్ సున్నా, నైట్రేట్ సున్నా. వచ్చినవాళ్లందరూ అద్దం ముందు నిలబడి మెచ్చుకున్నారు, నేను పొంగిపోయాను.

మూడు వారాలకు ఇసుక మీద గోధుమరంగు జిగురు కనిపించింది. అందులో దారాలు, దారాల కొసల్లో గాలి బుడగలు. చచ్చిన నాచేమోనని పైపుతో లాగేసి కొత్త నీళ్లు పోశాను, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ అంతే పట్టింది. ఇంకా నీళ్లు మార్చాను, ఇంకా పెరిగింది. ఒక ఉదయం లేచేసరికి పదకొండు నత్తలు బోర్లాపడి ఉన్నాయి; తిండి లేక పోయాయనుకున్నాను. ఆ తరువాత నా అక్రోపోరా పగడం. పెదనాన్న నా యాభయ్యవ పుట్టినరోజుకు తెచ్చిన చిటికెన వేలంత ముక్క అది, ఏడేళ్లలో అరచేయంత గుబురైంది. మొదలు దగ్గర తెల్లబడడం మొదలై ఐదు రోజుల్లో కొనల దాకా పాకింది. అప్పటికి గానీ నాకు బుద్ధి రాలేదు. మీ అక్క చిన్నప్పటి మైక్రోస్కోపును అటక మీదినుంచి దింపి ఆ జిగురు చుక్కను చూస్తే, ఒక కొన సన్నబడిన గింజల్లాంటి కణాలు, గుంజకు కట్టిన దూడల్లా, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. ఆస్ట్రియాప్సిస్ అనే డైనోఫ్లాజెలేట్లు అవి, కంటికి కనబడని ఏకకణ జీవులు. నత్తలను చంపింది ఆకలి కాదు, వాటి విషం. పచ్చనాచూ, మంచి బ్యాక్టీరియా, రాళ్ల మీద పేరుకునే గులాబీరంగు పెచ్చూ ఆక్రమించుకుని ఉన్న చోటునంతా నేను ఒక్కసారిగా ఖాళీ చేసి, వాటికి తిండి లేకుండా చేశాను. అవసరమైతే బ్యాక్టీరియాను తినైనా బతకగలిగే ఈ జీవులు ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నాయి.

ఐరన్ ఆక్సైడ్ తీసేశాను, నీళ్లు మార్చడం ఆపాను, మేత పెంచాను, నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ చుక్కలు చుక్కలుగా నేనే కలిపాను. ఆ రకం రాత్రిపూట రాళ్లను వదిలి నీటిలోకి తేలుతుంది కాబట్టి, నీటిలో తేలేవాటిని చంపే యూవీ దీపం పెట్టాను. పదకొండు వారాలు పట్టింది. ఒక ఆదివారం ఉదయం వెనక అద్దం మీద గోరంత పచ్చని నాచు కనబడితే, పెదనాన్నను నిద్రలేపి తీసుకొచ్చి చూపించి, అక్కడే నిలబడి ఏడ్చాను. నలుగురి మెప్పు కోసం నేను పడిన తొందరకు ఆ పగడం బలైపోయిందని ఇప్పటికీ బాధపడుతుంటాను. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన నీ ఫాస్ఫేట్ 0.05 దగ్గర, నైట్రేట్ 5కూ 10కీ మధ్య ఉంటే చాలు, సున్నా కోసం ఎప్పుడూ ప్రయత్నించకు.

మరి నాచును ఎలా తగ్గించాలంటే, వారానికి ఒక్క రాయి చొప్పున చేత్తో పీకి, టూత్‌బ్రష్‌తో తోమి, ఊడిన పోగులు నీటిలో తిరగకుండా వెంటనే పైపుతో లాగెయ్యి. ఎనిమిది రాళ్లున్నాయి కాబట్టి రెండు నెలల పని. నువ్వు పొట్టిగా కత్తిరించి పెడితేనే నత్తలు తింటాయి, పొడుగు జడల జోలికి అవి పోవు. నాచు కొనలు ఈకలా రెండువైపులా పోగులుగా చీలి ఉంటే అది బ్రయాప్సిస్, నత్తలకు లొంగదు. దానికి మాత్రం ఫ్లూకోనజోల్ అనే మందు లీటరుకు 5 మిల్లీగ్రాముల లెక్కన వాడతారు. కానీ ఏది చచ్చినా ఒక్కసారిగా చావనివ్వకు. కైకలూరు దగ్గర తాతయ్య రొయ్యల చెరువు నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. నీటిలో ఆకుపచ్చ రంగు ఒక్కరోజులో విరిగిపోయిందంటే ఆయన ఆ రాత్రి ఇంటికి వచ్చేవారు కాదు. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుందనీ, తెల్లవారుజామున రొయ్యలు గట్టుకు చేరతాయనీ టార్చిలైటు పట్టుకుని గట్టంతా తిరుగుతూ ఏరియేటర్లు ఆడించేవారు. చలికి వణుకుతూ ఆయన వెనకాలే నడిచినదాన్ని కాబట్టి చెబుతున్నాను, మందు వేసిన రోజుల్లో రాత్రిపూట నీటిలోకి గాలి బాగా కొట్టు.

సంప్‌లో పెంచడానికి కాలెర్పా అనే నాచు ఎవరో ఇస్తామన్నారట. తీసుకోకు. దాని బంధువే అక్వేరియం నుంచి సముద్రంలోకి పాకి, 1984లో మొనాకో తీరంలో కనబడి, తరువాత మధ్యధరా సముద్రపు అడుగున చాలాచోట్ల కమ్మేసింది. 2000లో శాన్ డియేగో దగ్గర ఒక సముద్రపు మడుగులో కనబడితే, టార్పాలిన్లు కప్పి క్లోరిన్ పోసి ఆరేళ్లకు గానీ నిర్మూలించలేకపోయారు. నువ్వు పీకిన ఏ నాచునైనా సరే సింకులో కడిగెయ్యకు, వెనకనున్న వాగులో పారెయ్యకు. సంచిలో కట్టి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి చెత్తలో వెయ్యి. కాలెర్పా బదులు నా సంప్‌లో పెరిగిన కీటోమార్ఫా ఇస్తాను, స్టీలు పీచులా చిక్కుబడి ఉంటుంది, రాళ్లకు అంటుకోదు, పెరిగినదాన్ని పెరిగినట్టు పిడికెడు తీసిపారేస్తే దాంతోపాటే ఫాస్ఫేట్ కూడా బయటికి పోతుంది.

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరి పెదనాన్నా నేనూ ఆస్టిన్ వస్తున్నాం. కీటోమార్ఫాను తడి కాగితంలో చుట్టి తెస్తాను, ఆ మైక్రోస్కోపూ తెస్తాను. మేము వచ్చేసరికి ఆ పెద్ద గిన్నె అలమారలోనే ఉండాలి. శనివారం ఉదయం ఎడమవైపు చివరి రాయితో ఇద్దరం కలిసి మొదలుపెడదాం. పాప కోసం సున్నుండలు చేశాను, నెయ్యి తక్కువే వేశానని కోడలితో చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ